ఆన్‌లైన్‌ల అమ్మిన సామాను వాసనొస్తుందని కస్టమర్ మెసేజ్ పెడితే ఏం చేయాలె

సైజు తప్పొచ్చిందంటే టేపు పెట్టి కొలుస్తం, రంగు వేరొచ్చిందంటే ఫోటో అడుగుతం, చిరిగిందంటే వీడియోల కనపడతది. వాసన ముచ్చట అట్ల కాదు. ఫోటోల పడదు, వీడియోల పడదు, పార్శిల్ తెరిచినోళ్ళ ముక్కుకు తప్ప ఇంకెవరికీ తెల్వదు. అందుకే దర్రీలు (జంపఖానాలు), చీరలు, పాత పుస్తకాలు, ఇత్తడి సామాను, కొయ్యబొమ్మలు ఏది అమ్మినా సరే ఈ ఒక్క కంప్లైంట్ దగ్గరనే లొల్లి ఎక్కువైతది. వరంగల్, హన్మకొండ, కరీంనగర్, సిరిసిల్ల దిక్కు ఇంట్లనే స్టాక్ పెట్టుకుని వాట్సాప్‌ల, ఇన్‌స్టాల, మీషోల అమ్ముకునేటోళ్ళు ఇప్పుడు మస్తుమంది ఉన్నరు, ముఖ్యంగ ఆడోళ్ళు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్న.

మెసేజ్ చూడంగనే అందరికీ చెయ్యి ఆగక టైప్ చేసే మాట ఒకటుంటది, "మా దగ్గరున్నప్పుడు ఏ వాసనా లేదు మేడం" అని. అది మాత్రం పంపకుండ్రి. ఎందుకంటే మన ముక్కు రోజూ ఉండే వాసనను పట్టించుకోవుడు మానేస్తది, కొత్త అర్రలకు పోయినా కొన్ని నిమిషాలల్లనే అక్కడి వాసన మనకు తెల్వకుండ అయితది, ఇగ ఏండ్ల నుంచి ఉంటున్న ఇల్లు, ఏండ్ల నుంచి తెరుస్తున్న సందూక వాసన మనకేం తెలుస్తది. మీకు నిజంగనే రాలేదు, ఆమెకు నిజంగనే వచ్చింది. ఇద్దరిల ఎవరూ అబద్ధం చెప్తలేరు. ఈ ఒక్కటి మనసుల పెట్టుకుంటే మిగతా పనంత సగం అల్కగ అయితది.

మొదటి జవాబు తొందరగ పోవాలె, చిన్నగ ఉండాలె. నేనైతే ఇట్ల రాస్తా: "నమస్తే మేడం, వెంటనే చెప్పి మంచి పని చేశారు. వాసన పార్శిల్ తెరవగానే వచ్చిందా, మడత విప్పాక వచ్చిందా చెప్పండి. చీర ఇంకా ఉతకకండి, కట్టకండి, కవర్‌లోంచి తీసి నీడలో గాలికి వేయండి. రేపు సాయంత్రానికి తగ్గకపోతే వాపస్ తీసుకుంటాం, కొరియర్ ఖర్చు మాదే." గంతే. సారీ అని పదిసార్లు రాసుడు వద్దు, మా స్టాక్ మంచిదే అని సఫాయి చెప్పుకునుడు వద్దు. కానీ ఇది పంపే ముందు ఒకటి చూడుండ్రి, ఆ యాప్‌ల రిటర్న్ గడువు ఎప్పటిదాక ఉన్నదో. రేపటిదాక గాలికి వేయమని మనం చెప్పి ఆలోపు గడువు అయిపోతే కావాలని టైంపాస్ చేసిండ్రు అనుకుంటరు, అనుకుంటే తప్పు కూడ కాదు. గడువు దగ్గరికొస్తే ముందు రిటర్న్ పెట్టుకోమని మీరే చెప్పుండ్రి, వాసన పోతే తర్వాత క్యాన్సిల్ చేసుకోవచ్చు. ఇంకోటి, యాప్‌ల కొన్న కస్టమర్‌తోని మాటలన్ని ఆ యాప్ చాట్‌లనే నడిపించుండ్రి, ఫోన్ల మాట్లాడినా ఏం అనుకున్నరో రెండు లైన్లు మళ్ళ చాట్‌ల రాసిపెట్టుండ్రి.

ఇగ అసలు పని, ఏం వాసననో తెలుసుకునుడు. "వాసన" అంటే సరిపోదు, ఒక్కో వాసన ఒక్కో తావు నుంచి వస్తది, దాన్నిబట్టే వాపస్ తీసుకోవాల్నా, గాలికి వేయమని చెప్పాల్నా తేలుతది. కస్టమర్‌కు మాట దొరకకపోతే మీరే అందియ్యుండ్రి, డాంబర్ గోళీల లెక్కనా, వానకు తడిసి ఆరని బట్ట లెక్కనా, పెయింట్ లెక్కనా, వంటింటి వాసననా, సిగరెట్టా అని. డబ్బాకొస్తుందా బట్టకొస్తుందా, బట్టంతా వస్తుందా మడత నడుమల్నేనా, కవర్ చినిగి నీళ్ళేమన్న పోయినయా, ఇవి కూడ అడగాలె. ఇంట్ల చంటిపిల్లలు గాని ఆస్తమా ఉన్నోళ్ళు గాని ఉన్నరా అని కూడ తప్పకుండ అడుగుండ్రి, ఎందుకో కింద చెప్త.

డాంబర్ గోళీలు, ఆంధ్ర దిక్కు కలరా ఉండలంటరు, మా దిక్కు చీరల కంప్లైంట్లల్ల నేను ఎక్కువ చూసింది ఇదే. పట్టుచీరలు, పెళ్ళినాటి చీరలు అమ్మేటోళ్ళంత సందూకలనో బీరువలనో ఏస్తరు, పురుగు పట్టదని. అందులుండే నాఫ్తలీన్ కరిగి నీళ్ళు కాకుండనే నేరుగ ఆవిరైతది, ఆ ఆవిరి బట్ట పోగుపోగుల పట్టుకుంటది. మంచిగ గాలి తగిలే కొద్ది మెల్లగ పోతది, ఒక్క ఉతుకుకు మాత్రం పోదు. సందూకల ఉన్నన్ని రోజులు మీకు మామూలుగనే ఉంటది, కవర్ల మూసి మూడు రోజులు లారీల ఎండకు పోయి బెంగుళూరుల తెరిచేసరికి గుప్పుమంటది, వేడికి ఆవిరి ఇంకా ఎక్కువ వస్తది కాబట్టి. దీనిల ఒక్కటి మాత్రం ఆషామాషీగ తీసుకోవద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఉన్న పిల్లలకు నాఫ్తలీన్ తగిలితే రక్తంల ఎర్రకణాలు పగిలి కామెర్లు రావొచ్చు, చంటిపిల్లలకు ఇది ప్రమాదం. ఆ లోపం ఉన్నట్టు చానామంది తల్లిదండ్రులకు తెల్వను కూడ తెల్వదు. అందుకే పిల్లల బట్టలు, ఉయ్యాల చీరలు, బొంతలు అమ్మేటోళ్ళు ఆ గోళీల జోలికే పోవద్దు. చంటిపిల్ల ఉన్నదని కస్టమర్ చెప్పిందనుకోండి, గాలికి వేసి చూడండి అని కూడ చెప్పకుండ్రి, "పిల్లకు దూరంగా బయట పెట్టండి, మేం వాపస్ తీసుకుంటాం" అని పైసలు ఇచ్చేయుండ్రి. ఎవరికన్న ఆయాసమో తలనొప్పో వచ్చిందంటే వాడుడు ఆపమని, డాక్టర్‌కు చూపియ్యమని చెప్పుండ్రి, మనం వైద్యం చెప్పొద్దు.

రెండోది ముక్కిన వాసన, తేమది. గాలిల తేమ 65, 70 శాతం దాటి కొన్ని రోజులు అట్లనే ఉంటే నూలు బట్ట మీద, పుస్తకాల మీద బూజు లేస్తది, కంటికి కనపడకముందే ముక్కుకు తెలుస్తది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాక ఇదే కాలం, ఆ వెంబడే బతుకమ్మ, దసరా, ఏడాది మొత్తం మీద ఎక్కువ ఆర్డర్లు వచ్చేది అప్పుడే. అంటే వానకాలమంత మూటల్ల ముడుచుకుని ఉన్న స్టాకే పండుగకు పార్శిల్ అయి పోతది. కంప్లైంట్లు అక్టోబర్‌ల గుంపుగ రావడానికి కారణం ఇదే, కస్టమర్లంత ఒక్కసారి ఏకమై మన మీద పడ్డరని కాదు. ఇది వచ్చినప్పుడు ఫోటో అడగాలె, మడతలిప్పి లోపలి దిక్కు. నల్లటియో పచ్చటియో తెల్లటియో చుక్కలు కనపడితే ఇంటి చిట్కాలు చెప్పకుండ వాపస్ తీసుకోవాలె. చుక్కలేం లేవు, ఉత్త వాసననే అంటే ఎండకు, గాలికి చానావరకు పోతది.

మూడోది కొత్త సామాను వాసన, దీనికి తప్పు ఎవరిదీ కాదు గని చెప్పకపోవుడు మనదైతది. వరంగల్ కొత్తవాడల నేసే జంపఖానాలకు కొత్తల నూలు వాసన, గంజి వాసన, రంగు వాసన ఉంటది. 2018ల వరంగల్ దర్రీలకు జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు, వచ్చినంక పేరు చూసి దూరం నుంచి కొనేటోళ్ళు ఉన్నరు, వాళ్ళల్ల చానామంది మగ్గం మీదికెళ్ళి వచ్చిన బట్టను ముట్టుకునుడే మొదటిసారి, మాల్‌ల కొన్న కార్పెట్ లెక్క ఉంటదనుకుంటరు. నిర్మల్ బొమ్మలు కూడ అంతే. పొనికి కర్ర మీద రంగులేసి మెరుపుకు పూత పూస్తరు, ఆ పూత పైకి ఆరినట్టే ఉంటది గని లోపలి వాసన ఇంకా పోతనే ఉంటది, అప్పుడే బబుల్ ర్యాప్ చుట్టి పంపితే ఆ వాసనంత లోపలనే జమైతది. బొమ్మలను చుట్టకుండ గాలి ఆడే అరల కొన్ని రోజులు ఉంచి, దగ్గర పెట్టుకుని చూసినా పెయింట్ వాసన రానప్పుడే ప్యాక్ చేయాలె.

ఇవి కాకుండ ఇంటి వాసనలు. స్టాక్ వంటింటి పక్క అర్రల ఉంటే తాలింపు, చేపల పులుసు, పచ్చళ్ళ వాసన బట్టలకు పడతది. దేవుని అర్రల పెడితే ఊదుబత్తి, సాంబ్రాణి. దీన్ని మనం మంచి వాసన అనుకుంటం గని పడనోళ్ళకు తలనొప్పి వస్తది, పొగ వాసన అని కంప్లైంట్ చేస్తరు. వాళ్ళు మన దేవున్ని ఏమంటలేరు, వాళ్ళ ముక్కుకు పొగ తగిలింది, అంతే చూడాలె. సిగరెట్ వాసన అన్నిటికంటే మొండిది, ఇంట్ల ఎవరన్న తాగేటోళ్ళుంటే స్టాక్ ఉన్న అర్ర దిక్కు రానియ్యొద్దు. తినే సామాను సంగతి వేరే, సకినాలో గారెలో కమురు వాసన వస్తున్నయంటే ఇంకేం అడగొద్దు, తినకుండ పారేయమని చెప్పి పైసలు వాపస్ ఇయ్యాలె.

ఇంట్లనే పోగొట్టుకుంటమని కస్టమరే అంటే ఏ బట్టకు ఏం చెప్పాల్నో తెలిసుండాలె. ఉతికే నూలు బట్టకైతే బకెట్ నీళ్ళల్ల ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, మళ్ళ సర్ఫ్‌తోని ఉతికి ఎండకేయాలె, అంతకుముందు ఒక మూలకు తడిపి తెల్లగుడ్డతోని ఒత్తి రంగు పోతదా చూసుకోమనాలె. బ్లీచింగ్ గాని హార్పిక్ అసోంటివి గాని వెనిగర్‌తోని ఎప్పుడూ కలపొద్దని అదే మెసేజ్‌ల రాయుండ్రి, వెనిగర్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తది, బాత్రూం తలుపేసుకుని చేస్తే ప్రాణం మీదికొస్తది. దర్రీకైతే ఉతుకుడు కూడ అక్కర్లేకుండ వంట సోడా చల్లి రాత్రంత ఉంచి పొద్దున దులిపి ఎండకేస్తే చానావరకు తగ్గుతది. పట్టుకు, జరీకి ఇవేం వద్దు. ఎండ వద్దు, వెనిగర్ వద్దు, సోడా వద్దు. ఫ్యాన్ కింద నీడల ఆరేసి, మడతలు మారుస్తుండాలె, పోకపోతే డ్రై క్లీనింగ్, ఆ బిల్లు మనం కట్టుడు న్యాయం. పాత పుస్తకాలకు, హన్మకొండల కోచింగ్ అయిపోయిన పిల్లలు గ్రూప్స్ పుస్తకాలు మస్తుగ అమ్ముతుంటరు కదా, మూతున్న డబ్బాల పుస్తకం కొంచెం తెరిచి నిలబెట్టి, పక్కన గిన్నెల వంట సోడానో బొగ్గులో పెట్టి మూసి కొన్ని రోజులు ఉంచాలె. సోడా పుస్తకానికి తగలొద్దు. రోజులకొద్ది ఎండల పెడితే కాగితం పసుపెక్కి పెళుసైతది.

సెంటు కొట్టుడు మాత్రం అమ్మేటోళ్ళు చేయద్దు, కొనేటోళ్ళకు చెప్పద్దు. పాత వాసన పోదు, దాని మీద ఇంకోటెక్కుతది, జరీ మీద పడితే మరక, ఆస్తమా ఉన్నోళ్ళకు అసలు వాసనకంటే ఇదే ఎక్కువ బాధ. పైగా సెంటు వాసన రాంగనే "ఏదో దాచిపెట్టిండ్రు" అనే అనుమానం కొనేటోళ్ళకు వస్తది.

పైసల సంగతికొస్తే, ముందు పూర్తిగ వాపస్ తీసుకుంటమని చెప్పుండ్రి, కొంత పైసలు తగ్గిస్తమనే మాట తర్వాత. ఇట్ల ఎందుకంటే నిజంగ వాసనతోని పరేషాన్ అయినోళ్ళు సామాను ఇంట్ల నుంచి పోతే చాలనుకుంటరు, వెంటనే సరే అంటరు. కొందరికి చీర నచ్చి ఉంటది, డ్రై క్లీనింగ్ పైసలిస్తే ఉంచుకుంటమంటరు, అదీ మంచిదే, దూరం పార్శిల్‌కు రానుపోను ఖర్చుకంటే అదే తక్కువ పడతది. కొందరు మాత్రం ఏం వాసన అంటే చెప్పరు, ఫోటో పెట్టరు, వాపస్ పంపమంటే పంపరు, సగం పైసలు ఇయ్యాలంటరు. వాళ్ళను కూడ మీరు అబద్ధమాడుతున్నరు అనొద్దు. "వాపస్ పంపండి మేడం, వచ్చిన రోజే పూర్తి డబ్బులు వేస్తాం" అనే ఒక్క మాట మీద నిలబడుండ్రి. రివ్యూ తీసేస్తేనే పైసలిస్తం అనే బేరం పెట్టొద్దు, అది బెదిరించినట్టే, ఆ స్క్రీన్‌షాట్ బయటికొస్తే మీరు వాసన కంటే పెద్ద లొల్లిల పడతరు. రివ్యూ కిందనే రెండు లైన్లు మర్యాదగ రాయుండ్రి, ఏం జరిగింది, ఏం చేసిండ్రు అని, తర్వాత కొనేటోళ్ళు చదివేది దాన్నే.

చట్టం ఏమంటదో కూడ తెలిసుండాలె. 2020ల వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం యాప్‌లల్ల అమ్మేటోళ్ళు, సామాను ఖరాబ్ ఉన్నా, లిస్టింగ్‌ల చెప్పినట్టు లేకున్నా వాపస్ తీసుకోనని, పైసలియ్యనని అనడానికి లేదు. కంప్లైంట్ అందిందని 48 గంటలల్ల చెప్పాలె, నెల లోపల తెంపాలె. కస్టమర్ 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొడితే కంప్లైంట్ నమోదైతది. "సేల్ అయినంక వాపస్ లేదు" అని లిస్టింగ్ కింద రాసుకున్నంత మాత్రాన తప్పించుకోలేం. భయపెట్టడానికి చెప్తలేను, చిన్న అమ్మకందార్లకు ఇది తెల్వక అవతలోళ్ళు రూల్ చెప్పంగనే గాబరా పడుతున్నరు. ముందే తెలిస్తే మాట సాఫ్‌గ వస్తది.

వాపస్ వచ్చిన పార్శిల్‌ను ఇంట్ల తెరవద్దు, వాకిట్ల తెరవాలె. మొదటి నిమిషంలనే వాసన చూడాలె, అది కూడ మీరు కాదు, పక్కింటోళ్ళనో, బయటనుంచి అప్పుడే వచ్చినోళ్ళనో చూడమనాలె. వాళ్ళు ఏమన్నరో రాసుకోండ్రి. వాసన ఉంటే ఆ ముక్కను మిగతా స్టాక్‌ల కలపొద్దు, వేరే పెట్టాలె, మళ్ళ అదే కవర్‌ల ఇంకొకరికి పంపుడు అసలే వద్దు.

ఇంతదాక రాకుండ చూసుకునేటందుకు ఒక పరీక్ష ఉన్నది, ఖర్చు లేనిది. పెద్ద స్టీలు డబ్బా ఒకటి మంచిగ తోమి, ఎండల ఆరబెట్టి, ఖాళీగ మూత తీసి వాసన లేదని ముందే చూసుకోవాలె. పంపబోయే చీరనో దర్రీ ముక్కనో మడతపెట్టినట్టే అండ్ల పెట్టి మూత గట్టిగ ఏసి రాత్రంత ఉంచాలె. పొద్దున లేవంగనే, స్టవ్ ముట్టియ్యకముందు, బయటికి తీస్కపోయి కాసేపు గాలి పీల్చుకుని, అప్పుడు మూత తీసి డబ్బాల ముక్కు పెట్టాలె. రాత్రంత మూసి ఉన్న వాసన ఒక్కసారి వస్తది, పార్శిల్ తెరిచినోళ్ళకు వచ్చేది అదే. అదే టైముల మడత నడుమ చెయ్యి పెట్టి చూడుండ్రి, పై మడత మామూలుగుండి లోపలి మడత సల్లగ తగిలిందంటే ఇంకా తేమ ఉన్నట్టే, ఆ రోజు ప్యాక్ చేయద్దు.

స్టాక్ పెట్టే తావు గురించి కూడ కొంచెం చెప్పాలె. బయటి గోడకు ఆనిచ్చి కట్టలు పెట్టొద్దు, జానెడు సందు ఉంచాలె, కింద చెక్కలేయాలె, నెలకోసారి మడతలు విప్పి ఎండిన రోజు గాలికేయాలె. మిర్చి నింపిన సంచులు శుభ్రంగ దులిపినా బట్టలకు పనికిరావు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ దిక్కు సంచులు సస్తగ దొరుకుతయని చానామంది తెచ్చుకుంటరు, ఆ ఘాటు బట్టకు పట్టిందంటే కొనేటోళ్ళకు తుమ్ములాగవు. కిరాణం దుకాణపు పాత అట్టపెట్టెలు కూడ అంతే, సబ్బులయో అగరుబత్తులయో అయితే ఆ వాసన పోనే పోదు. బట్టను నేరుగ న్యూస్ పేపర్ల చుట్టొద్దు, ఇంకు వాసనతోపాటు మరక కూడ పడతది, తెల్ల కాగితం వాడుండ్రి. వానకాలం కవర్ సీల్ చేసేముందు తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి ఏయుండ్రి, లోపల బట్ట తేమ ఉంటే మాత్రం అదేం చేయలేదు. ఇగ వరద నీళ్ళు తగిలిన స్టాక్ అమ్మొద్దు. 2023 జూలై వానలకు హన్మకొండ కాలనీలల్ల ఇండ్లల్లకు నీళ్ళొచ్చినయి కదా, మోరి నీళ్ళు కలిసిన నీళ్ళల్ల మునిగిన బట్ట ఎన్నిసార్లు ఉతికినా కొత్తదని చెప్పి అమ్మేది కాదు. నష్టమే, కడుపు తరుక్కపోతది, అయినా వద్దు.

లిస్టింగ్‌ల రెండు లైన్లు రాస్తే సగం కంప్లైంట్లు మొదలే కావు. కొత్త దర్రీకి "మగ్గం మీద నేసిన కొత్త నూలు, మొదట్లో గంజి, రంగు వాసన ఉంటుంది, ఒకసారి ఎండలో వేస్తే తగ్గుతుంది" అని, పాత చీరకు "బీరువాలో దాచిన చీర, నాఫ్తలీన్ గోళీలు వాడాం, చంటిపిల్లలున్న ఇంటికి వద్దు" అని. అమ్మకం తగ్గుతదేమో అని దాచొద్దు, చదివి కొన్నోళ్ళు వాపస్ పంపరు.

వచ్చిన ప్రతి వాసన కంప్లైంట్‌ను ఒక నోట్‌బుక్కుల రాసుకోండ్రి, ఏ తారీఖు, ఏ సామాను, ఏ సందూకలనుంచి తీసింది, ఏం వాసన అన్నరు. ఒకే కట్టలనుంచి పోయిన రెండింటికి ఒకే తీరు కంప్లైంట్ వచ్చిందంటే మూడోదాని కోసం ఆగకుండ ఆ కట్ట మొత్తం లిస్టింగ్‌లకెళ్ళి తీసేసి గాలికేయుండ్రి, దాంట్ల ఆర్డర్ పెట్టినోళ్ళకు రెండ్రోజులు లేటైతదని మీరే ఫోన్ చేసి చెప్పుండ్రి.